శరదృతువులో మన హాస్టలు గడ్డి: చెక్కవద్దు, కొయ్యండి



"రాయడానికి ఇంకేమీ దొరకలేదా, గడ్డి మీద వ్యాసమా?" అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. నవ్వు అయిపోయాక ఒక్కసారి ఆలోచించండి. పొద్దున ప్రార్థనకు మనం బారులు తీరేది ఎక్కడ? సాయంత్రం కబడ్డీ ఆడేది ఎక్కడ? కరెంటు పోయిన రాత్రి కంచాలు పట్టుకుని కూర్చునేది ఎక్కడ? ఆదివారం అమ్మానాన్నలు చూడవస్తే వాళ్ళు తెచ్చిన మూట విప్పుకునేది ఎక్కడ? అంతా హాస్టలు ముందున్న ఆ గడ్డినేల మీదే. ఊళ్ళో ఇంటికి వాకిలి ఎలాగో, మనకు అది అలాగ.

దసరా సెలవులు అయిపోయాయి. వానలు వెనక్కి తగ్గాయి. ఏటా ఈ రోజుల్లోనే శ్రమదానం పెట్టి, పారలు తీసి, ఆ గడ్డిని మొదలంటా చెక్కించడం ఆనవాయితీ. నేల ఎర్రగా, నున్నగా తేలుతుంది. "ఎంత శుభ్రంగా ఉందో!" అనుకుంటాం. ఈ ఏడు ఆ పని మాని, అదే శ్రమతో ఇంకో పని చేద్దామని చెప్పడానికే ఈ వ్యాసం. వార్డెన్ గారు కూడా దయచేసి చదవగలరు. గడ్డి చెక్కించడానికి వారికున్న కారణం చిన్నది కాదు. దానికి జవాబు కూడా రాశాను.

చెక్కితే ఏం పోతుంది?

గడ్డి ఒక్కటే పోతుందనుకుంటాం. కాదు, మట్టి పోతుంది. లెక్క చేసి చూద్దాం. మన నేల సుమారు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే 200 చదరపు మీటర్లు. పారతో గడ్డి చెక్కినప్పుడు వేళ్ళతో పాటు అర సెంటీమీటరు మట్టి వచ్చిందనుకోండి. 200 చదరపు మీటర్ల మీద అర సెంటీమీటరు అంటే సరిగ్గా ఒక ఘనపు మీటరు. బరువులో టన్ను పైమాటే. అదీ పైమట్టి, అన్నిటికంటే సారమున్న మట్టి. దాన్ని గంపలకెత్తి గోడ అవతల పారబోస్తాం.

మిగతా పని వాన చేస్తుంది. వానచినుకు పైనుంచి జోరుగా వచ్చి ఉత్త నేల మీద పడితే మట్టిని చెదరగొడుతుంది. చెదిరిన సన్నమట్టి నేల బెజ్జాలను మూసేస్తుంది. ఇక నీరు లోపలికి దిగక పైనే పారుతుంది, పారుతూ మట్టిని పట్టుకుపోతుంది. గడ్డి ఉంటే చినుకు ముందు ఆకు మీద పడుతుంది, దాని జోరు అక్కడే విరిగిపోతుంది. కింద వేళ్ళు మట్టిని పట్టుకుని ఉంటాయి. మనది కొండవాలు. ఇక్కడ మట్టి ఒకసారి కిందికి దిగిపోతే మళ్ళీ పైకి రాదు.

శరత్తు వచ్చింది గనక వాన పోయిందని అనుకోకూడదు. మన తీరానికి అక్టోబరు, నవంబరు నెలలే తుఫాన్ల నెలలు. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. ఆ గాలీవానా మన ఏజెన్సీ కొండల దాకా వచ్చి కాఫీ తోటల్లో చెట్లను పడగొట్టింది. అలాంటి వాన వచ్చే నెలలోనే మనం నేల మీద బట్ట తీసేస్తున్నామన్న మాట.

నమ్మకం లేకపోతే వరండా దగ్గరికి వెళ్ళి చూడండి. చివరి మెట్టు ఎక్కడానికి మూడో తరగతి వాళ్ళు కాలు బాగా ఎత్తాలి. మెట్టు పెరిగిందా? మెట్టు ఎక్కడైనా పెరుగుతుందా! నేల దిగింది. జెండా దిమ్మ కింద సిమెంటు బయటపడింది, మామిడిచెట్టు వేళ్ళు పైకి తేలాయి. ఇవన్నీ ఆ లెక్కకు సాక్ష్యాలే.

మన గడ్డి పేరు గరిక

మన ముంగిట ఉన్నది ఎక్కువగా గరిక. వినాయక చవితి పత్రిలో వాడేది ఇదే. శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టైలాన్. పూత కాడ చివర నాలుగైదు పాయలు చేతివేళ్ళలా విచ్చుకుని ఉంటాయి. మన చోడి కంకి చూడండి, అదీ ఆ పోలికే. ఎందుచేతనంటే చోడి, సామ, వరి, జొన్న, చివరికి వెదురు కూడా గడ్డి కుటుంబానివే. కాబట్టి గడ్డిని తక్కువ చేసి మాట్లాడితే అన్నాన్ని తక్కువ చేసినట్టే.

గరికకు రెండు రకాల కాండాలున్నాయి. ఒకటి నేల మీద పాకుతుంది. రెండోది నేలలోపల పాకుతుంది. రెండింటికీ కణుపులుంటాయి. ప్రతి కణుపు దగ్గరా కిందికి వేళ్ళు, పైకి పిలక రాగలవు. ఇంకో సంగతి ఏమిటంటే, గడ్డి ఆకు కొస దగ్గర పెరగదు, మొదట్లో పెరుగుతుంది. అందుకే మేక కొరికినా, కొడవలితో కోసినా మళ్ళీ లేస్తుంది. మొదలు ఉండాలి, అంతే.

ఇది మనవాళ్ళకు కొత్త కాదు. కొండచీపుర్లు కోసి గిరిజన సహకార సంస్థకు అమ్మేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు! పుల్ల కొయ్యాలి గాని దుబ్బు పీకకూడదని వాళ్ళకు తెలుసు. "మొదలు పీకేత్తే మరి వచ్చే ఏడు ఏటి కోత్తావురా?" అంటారు ముసలాళ్ళు. కొండమీది చీపురు గడ్డికి చెప్పిన మాట మన ముంగిటి గరికకూ వర్తిస్తుంది.

ఇంగ్లీషు పుస్తకంలో ఆటమ్, మన శరత్తు ఒకటి కావు

ఇంగ్లీషు పాఠంలో ఆటమ్ అంటే ఆకులు రాలే కాలం అని చదువుకున్నాం. తెలుగులో దాన్ని శరదృతువు అంటాం. మన శరత్తు ఆశ్వయుజ, కార్తీక మాసాలు. మన అడవిలో ఆకు ఎక్కువగా రాలేది ఆ తర్వాత, చలి ముదిరాక.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, ఇంగ్లండు, అమెరికాల తోట పుస్తకాల్లో "శరత్తులో లాన్‌కు గింజలు చల్లండి, బాగా ఎరువు వేయండి" అని ఉంటుంది. అక్కడి చలిప్రాంతాల్లో పెంచేది చల్లని వాతావరణంలో ఏపుగా పెరిగే గడ్డి. ఎండాకాలంలో అది సొమ్మసిల్లుతుంది, శరత్తులో తేరుకుంటుంది. మన గరిక దానికి తిరగబడి. దానికి ఎండ కావాలి, 25 నుంచి 35 డిగ్రీల వేడిలో బాగా పాకుతుంది. చలి పెరిగేకొద్దీ మందగించి, చివరికి పెరుగుదల ఆపేస్తుంది. చింతపల్లి మండలం లంబసింగిలో చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుందని పేపర్లో చదువుతూనే ఉంటాం. అలాంటి చోట గరిక పచ్చగా ఉండమంటే ఎలా ఉంటుంది?

కనుక మన శరత్తు గరికకు నిద్రకు ముందు వేళ. ఈ రెండు నెలల్లో పైన ఆకు పెంచడం మన పని కాదు, కింద వేరును బలపరచడం మన పని. వేరు బలంగా ఉంటే చలికి ఎండినా ఉగాదికి లేస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే కింద రాసిన పనులన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఇప్పుడు చేయవలసిన పనులు

1. కోత. పార వద్దు, కొడవలి చాలు. గడ్డి ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ ఒక్కసారి కొయ్యకూడదు. ఆకే గడ్డికి వంటశాల. ఒక్కసారిగా అంతా కోసేస్తే వేరుకు తిండి ఉండదు. ఇప్పుడు మోకాలెత్తు పెరిగిన చోట వారం వారం దఫాలుగా కోసుకుంటూ రెండంగుళాలకు తేవాలి. చలి ముదిరాక ఇక కొయ్యనక్కర్లేదు. పొద్దున మంచు తడి ఆరాక కోస్తే కొడవలి జారదు, కోత సమంగా వస్తుంది.

2. రాలిన ఆకు. టేకాకు ఒక్కటి పడితే విస్తరంత చోటు మూస్తుంది. బాదం ఆకూ అంతే. వాటి కింద గడ్డికి వెలుతురు అందదు, తడి ఆరదు, పది పదిహేను రోజుల్లో పాలిపోతుంది. రెండు రోజులకొకసారి ఈనెల చీపురుతో పైపైన ఊడ్చాలి. ఊడ్చిన ఆకుని గడ్డి మీదే కుప్పవేసి అంటించకూడదు. మంట పెట్టిన చోట గడ్డి మొదళ్ళు కాలిపోతాయి. పొగ మన గదుల్లోకే వస్తుంది, దగ్గు ఉన్నవాళ్ళకు మరీ ఇబ్బంది. వంటశాల వెనక గోతిలో ఒక పొర ఆకు, ఒక పొర పేడ, పైన కొంచెం మట్టి వేసి, తడి ఆరకుండా చూసి, నెలకోసారి తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువవుతుంది.

3. గట్టిపడిన నేలకు బెజ్జాలు. మన కాళ్ళ తొక్కుడుకి నేల దిమ్మిసా కొట్టినట్టు అయిపోయింది. వేరుకు గాలీ నీరూ అందడం లేదు. గునపంతో నాలుగంగుళాల లోతు బెజ్జాలు, జానెడు ఎడంలో పొడవాలి. జానెడు సుమారు 20 సెంటీమీటర్లు కాబట్టి చదరపు మీటరుకు 25 బెజ్జాలు, మొత్తానికి 5,000. అమ్మో అనకండి. వందమందిమి వస్తే తలకు 50. నేల తడిగా ఉన్నప్పుడే ఈ పని చేయాలి, బురదగా ఉన్నప్పుడు కాదు. పిడికెడు మట్టి తీసి నొక్కి చూడండి. ముద్దయి, వేలితో తడితే విడిపోతే సరైన పదును. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారితే రెండు రోజులు ఆగాలి. గునపం దిగకపోతే ఆలస్యమైపోయిందన్న మాట. అందుకే వానలు తగ్గిన ఈ పది పదిహేను రోజులే దానికి అదను.

4. ఎరువు. బెజ్జాలు పొడిచాక చివికిన పేడ ఎరువు, ఇసుక కలిపి జల్లెడ పట్టి పైన చల్లి, చీపురుతో లోపలికి నెట్టాలి. మందం అర సెంటీమీటరు మించకూడదు, గడ్డి కొసలు కనపడుతూ ఉండాలి. లెక్క చూస్తే ఇదీ ఒక ఘనపు మీటరే, 15 లీటర్ల గంపతో 67 గంపలు. అంత ఎరువు లేకపోతే ముందు బాగా తొక్కిడి పడిన చోట వేద్దాం. యూరియా మాత్రం ఇప్పుడు వద్దు. యూరియా వేస్తే లేత ఆకు ఏపుగా వస్తుంది, ఆ లేత ఆకునే చలి ముందు కొడుతుంది. కట్టెల పొయ్యి బూడిద దొరికితే చదరపు మీటరుకు గుప్పెడు చల్లవచ్చు. బూడిదలో పొటాషియం ఉంటుంది, అది మొక్కకు చలిని, ఎద్దడిని తట్టుకునే బలమిస్తుంది. ఎక్కువ వేస్తే మాత్రం చెరుపు.

5. బోసిపోయిన చోట నాటడం. గరికకు గింజ కొననక్కర్లేదు. పొలంగట్ల మీద కావలసినంత ఉంది. తీసుకుపోతామంటే రైతులు దండం పెట్టి ఇస్తారు, పొలంలో దాన్ని పీకలేక వాళ్ళు పడే అవస్థ అలాంటిది! రెండు మూడు కణుపులుండేటట్టు తీగ తుంచి, జానెడు ఎడంలో గాడి తీసి పరిచి, కొస బయటికి ఉంచి మట్టి కప్పి కాలితో అదమాలి. పది రోజులు తడి ఆరకూడదు. నేలలో వెచ్చదనం ఉండగానే నాటాలి, చలి ముదిరితే వేరు పట్టదు. మన కూరగాయ మడుల వైపు మాత్రం ఒక్క తీగ కూడా పడనివ్వకండి, తర్వాత దాన్ని వదిలించుకోలేం. మామిడి నీడలోనూ నాటవద్దు, ఎండ లేనిచోట గరిక బతకదు. అక్కడ రాలిన ఆకునే పరిచి ఉంచుదాం, తేలిన వేళ్ళకు అదే కప్పు.

6. కలుపు. తుంగను పైన పీకితే లాభం లేదు. కింద గడ్డలుంటాయి, తడి ఉండగా బొరిగెతో గడ్డతో సహా తీయాలి. వయ్యారిభామ, అంటే కాంగ్రెస్ గడ్డి, పూత రాకముందే పీకాలి. దాన్ని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు, దురద, దద్దుర్లు వస్తాయి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కోండి. పల్లేరు కనిపిస్తే వదలకండి, వట్టి కాళ్ళతో ఆడేది మనమే.

7. అడ్డదారి. భోజనం బెల్లు కొట్టగానే కంచాలు పట్టుకుని మనం పరుగెత్తే దారి గడ్డి మధ్య ఎర్రని గీతలా పడింది. "అటు నడవరాదు" అని బోర్డు పెడితే ఎవరూ ఆగరు, ఆకలి బోర్డు చదవదు. అందుకని ఆ గీత మీదే అడుగుకొక బల్లపరుపు రాయి పాతుదాం. కాలు రాయి మీద పడుతుంది, మిగతా గడ్డి బతుకుతుంది. చలికాలంలో మంచు గడ్డకట్టి తెల్లగా కనిపించే పొద్దుల్లో మాత్రం ఎండ వచ్చేదాకా గడ్డి మీద నడవకూడదు. గడ్డకట్టిన ఆకు కాలి కింద విరుగుతుంది, అడుగుల ముద్రలు గోధుమరంగులో చాలా రోజులు ఉండిపోతాయి.

పాముల సంగతి

గడ్డి ఎందుకు చెక్కిస్తున్నారంటే పాములకు భయపడి. చిన్నపిల్లలున్న హాస్టలు, వార్డెన్ గారు భయపడకపోతేనే తప్పు. ఈ వ్యాసమంతా చదివి "పాము కరిస్తే నువ్వు జవాబు చెబుతావా?" అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే.

పాముకు కావలసినవి రెండు: దాక్కునే చోటు, తిండి. రెండంగుళాల గడ్డిలో పాము దాగలేదు, దూరం నుంచే కనపడుతుంది. అది దాగేది గోడ వెంబడి నడుమెత్తు పెరిగిన గడ్డిలో, రాళ్ళగుట్టలో, కట్టెల మోపుల కింద, ఊడ్చి వదిలేసిన ఆకుకుప్పల్లో. తిండి అంటే ఎలుకలు, కప్పలు. మనం పారేసే అన్నం మెతుకులకు ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. నేలంతా చెక్కి, ఆ చెక్కిన గడ్డినే గోడ పక్కన కుప్ప పోస్తే పాముకు ఇల్లు కట్టించి ఇచ్చినట్టే కదా!

అందుచేత నా మనవి ఇది. గదుల గోడల వెంట మూడడుగుల మేర ఖాళీగా ఊడ్చి ఉంచుదాం, అక్కడ గడ్డి వద్దే వద్దు. మిగతా నేలంతా రెండంగుళాలకు కోసిన గడ్డి. కట్టెలు గదులకు దూరంగా, నేలకు ఎత్తుగా పేర్చుదాం. ఎంగిలి మెతుకులు గోతిలోనే వేసి మట్టి కప్పుదాం. రాత్రి బయటికి వెళ్తే టార్చి, చెప్పులు తప్పనిసరి. కట్లపాము నిద్రలో ఉన్నవాళ్ళను కూడా కరుస్తుంది కాబట్టి దోమతెర అంచులు పరుపు కింద దోపుకోవాలి. ఇన్ని చేసినా ఎవరికైనా పాటు పడితే కట్లూ మంత్రాలూ అంటూ ఆగకుండా, కదలనివ్వకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మందు అక్కడే ఉంది.

దోమల మాట కూడా వస్తుంది. దోమ గుడ్లు పెట్టేది నీళ్ళలో. చెక్కిన నేల గుంటలు పడితే నీళ్ళు నిలిచేది అక్కడే. బెజ్జాలు పొడిచిన గడ్డినేల నీటిని తాగేస్తుంది.

నీళ్ళ లెక్క

"మనం తాగడానికే నీళ్ళు చాలవు, గడ్డికి ఎక్కడివి?" అంటారు. నిజమే. ఒక చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు నీరు నిలబెట్టాలంటే 10 లీటర్లు కావాలి. మన 200 చదరపు మీటర్లకు 2,000 లీటర్లు. అన్ని బోరు నీళ్ళు గడ్డికి పొయ్యమని నేను అడగను. కొత్తగా నాటిన చోట మాత్రం, పది రోజులు, చేతులు కడిగే కుళాయి దగ్గర పోయే నీళ్ళు బక్కెట్లతో పట్టి పోద్దాం. మిగతా నేలకు వానే దిక్కు. అందుకే బెజ్జాలు ముఖ్యం. నీళ్ళు కొనలేనివాడు వేరును లోతుకు పంపాలి. లోతు వేరుకు లోతు తడి అందుతుంది.

ఎండిపోతే చచ్చిపోయినట్టు కాదు

పుష్యం నాటికి గడ్డి పాలిపోతుంది, కొన్నిచోట్ల గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పుడు "చూశారా, అంత చేసినా చచ్చింది" అని పారలు తియ్యవద్దు. నేల మీది తీగ ఒకటి తీసి గోటితో గీరి చూడండి. లోపల తెల్లగా, తడిగా ఉంటే బతికే ఉంది, పడుకుంది. పుటుక్కున విరిగి లోపల కూడా ఎండి ఉంటే అక్కడ మళ్ళీ నాటాలి. అది కూడా చలిలో కాదు, తొలకరికి. ఎండలు ముదిరి నేలలో వేడి పుడితే కణుపు కణుపుకీ పిలక వస్తుంది.

వార్డెన్ గారికి మనవి

మొత్తం నేలను ఒక్కసారే ఇవ్వమని అడగడం లేదు. జెండా దిమ్మకు తూర్పున సగం ఈ ఏడు చెక్కకుండా తోట పని బృందానికి ఇప్పించండి. పడమటి సగం ఆనవాయితీ ప్రకారమే కానివ్వండి. వచ్చే ఆషాఢంలో మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు అందరం కలిసి చూద్దాం: ఏ సగం నుంచి ఎర్రనీళ్ళు వరండాలోకి వచ్చాయి, ఏ సగంలో ప్రార్థనకు నిలబడగలుగుతున్నాం అని. రెండు సగాల అంచులోనూ ఒక్కో వెదురు మేకు పాతి నేల మట్టానికి గీత పెడితే మట్టి ఎంత దిగిందో స్కేలుతో కొలవవచ్చు. దాన్నిబట్టి మీరు నిర్ణయించండి.

ఈ ఆదివారం టిఫిన్ తర్వాత పని మొదలు పెట్టాలని మా బృందం ఆలోచన. కావలసినవి: గునపాలు 10, కొడవళ్ళు 6, గంపలు 8, వాచ్‌మన్ తాత దగ్గరున్న ఇసుక జల్లెడ ఒకటి. కొడవళ్ళు పై తరగతుల వాళ్ళే పడతారు, చిన్నవాళ్ళకు ఆకు ఏరడం, తీగలు పరచడం. రాదలచుకున్నవాళ్ళు శనివారం రాత్రి స్టడీ అవర్ అయ్యేలోగా ఈ కాగితం కింద పేర్లు రాయగలరు.

— తోట పని బృందం తరఫున, తొమ్మిదవ తరగతి